రిడెండెన్సీ సొమ్ముపై పన్ను: అపోహలు - వాస్తవాలు

నేను బ్రిటన్‌లో పేరోల్ (జీతాల లెక్కల) పని చేస్తాను. ఏ సంస్థలో రిడెండెన్సీలు, అంటే ఉద్యోగాల కోత, మొదలైనా, ఆ వారంలోనే "30 వేల పౌండ్ల దాకా పన్ను లేదు కదండీ?" అన్న ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. అందులో నిజం సగమే ఉంది, జనం నష్టపోయేది మిగతా సగం దగ్గర.

అపోహ: ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చే మొత్తంలో మొదటి 30 వేల పౌండ్లకు పన్ను ఉండదు.

వాస్తవం: ఆ మినహాయింపు రిడెండెన్సీ పరిహారానికే గాని, దానితో కలిపి ఇచ్చే నోటీసు జీతానికీ (నోటీసు కాలానికి ఇచ్చే జీతం), వాడుకోని సెలవుల డబ్బుకూ, బోనసుకూ కాదు. ఇవన్నీ జీతమే కాబట్టి ఆదాయపు పన్నుతో పాటు నేషనల్ ఇన్సూరెన్స్ (బ్రిటన్‌లో సామాజిక భద్రత కోసం కట్టే చందా) కూడా కోస్తారు.

ఒకసారి ఒక ఉద్యోగి సంస్థ ఇచ్చిన ఉత్తరం వెనుక పెన్సిలుతో లెక్క వేసుకుని తెచ్చారు. మొత్తం 38 వేలు, అందులోంచి 30 వేలు తీసేస్తే పన్ను పడేది 8 వేలకే అని ఆయన ధీమా. ఉత్తరం తిప్పి చూస్తే నోటీసు జీతం 12 వేలు, సెలవుల డబ్బు 2 వేలు, పరిహారం 24 వేలు. పన్ను పడేది 14 వేలకు. పరిహారం పోగా మినహాయింపులో ఇంకా 6 వేలు మిగిలినా, దాన్ని జీతానికి వాడుకునే వీలు లేదు. ఆయన అప్పటికే ఆ డబ్బును ఇంటి అప్పు వాయిదాలకు నెలల వారీగా పంచుకుని ఉన్నారు. ఆయనకు ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

యజమానులూ ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నోటీసు కాలం పనిచేయించకుండా పంపేసి, ఇచ్చిందంతా ఎక్స్‌గ్రేషియా (సంస్థ స్వచ్ఛందంగా ఇచ్చే సొమ్ము) అని రాస్తే సరిపోతుందన్న పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది. 2018 ఏప్రిల్ 6 నుంచి, పనిచేయని నోటీసు కాలానికి రావలసిన మూల వేతనాన్ని ఆ సొమ్ములోంచి విడదీసి, జీతంగానే లెక్కించాలి. చట్టం ప్రకారం ఇచ్చే కనీస రిడెండెన్సీ సొమ్ము జోలికి మాత్రం ఈ నిబంధన రాదు. పన్ను కోయకుండా ఇచ్చేస్తే హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) ముందుగా అడిగేది యజమానినే.

అపోహ: 30 వేలు దాటిన పరిహారంపై ఇద్దరూ నేషనల్ ఇన్సూరెన్స్ కట్టాలి.

వాస్తవం: ఉద్యోగి కట్టేది ఆదాయపు పన్ను ఒక్కటే. నేషనల్ ఇన్సూరెన్స్‌ను యజమాని మాత్రమే 2020 ఏప్రిల్ నుంచి కడుతున్నారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ రేటు 15 శాతం.

అపోహ: పరిహారాన్ని రెండు ఆర్థిక సంవత్సరాల్లో ఇస్తే రెండుసార్లు 30 వేలు మినహాయించుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. ఒక ఉద్యోగానికి ఒకే పరిమితి.

అపోహ: పీ45 (ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే జీతం, పన్ను వివరాల పత్రం) ఇచ్చాక వచ్చిన సొమ్ములో ఎక్కువ కోత పడితే ఆ డబ్బు పోయినట్లే.

వాస్తవం: పీ45 తరువాత చెల్లించే పన్ను పడే సొమ్ముకు 0టీ అనే పన్ను కోడ్ వాడాలి. ఆ కోడ్‌లో వ్యక్తిగత మినహాయింపు ఉండదు, పైగా పన్ను శ్లాబులను ఒక్క నెల లెక్కన చూస్తారు కాబట్టి కోత భయపెట్టేంతగా కనిపిస్తుంది. ఉద్యోగం పోయిన దిగులులో ఉన్నవారికి ఆ పే స్లిప్ గుండె జారిపోయేలా చేస్తుందని నాకు తెలుసు. కానీ ఏడాది ఆదాయం మొత్తం లెక్క తేలాక, ఎక్కువగా కోసిన పన్నును హెచ్‌ఎంఆర్‌సీ తిరిగి ఇస్తుంది. ఆ పే స్లిప్‌నూ పీ45నూ జాగ్రత్తగా దాచుకోండి.