విదేశీ సెమిస్టర్ తప్పనిసరి చేయాలా? అపోహలు – వాస్తవాలు

ఒక యూనివర్సిటీలో విద్యార్థుల ఎక్స్ఛేంజ్ వ్యవహారాలు చూడటం నా ఉద్యోగం. ఒప్పందాలు, క్రెడిట్ల (సబ్జెక్టు పాసైతే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్ల) లెక్కలు, వీసా కాగితాలు, పిల్లలు అక్కడికి చేరాక అర్ధరాత్రి వచ్చే ఫోన్లు, అన్నీ మా టేబుల్ మీదకే వస్తాయి. ఈమధ్య అడ్మిషన్ల సీజన్ వస్తే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మేడమ్, మీ దగ్గర ఫారిన్ సెమిస్టర్ కంపల్సరీనా? వెళ్ళకపోతే డిగ్రీ ఇవ్వరా?" కొందరు ఆశగా అడుగుతారు, కొందరు భయంగా అడుగుతారు. ప్రతి విద్యార్థీ వెళ్ళి తీరాలని నిబంధన పెట్టాలనేవాళ్ళు మా రంగంలోనూ ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిబంధన మొదట యూనివర్సిటీలకు పెట్టాలి. వెళ్తానన్న ప్రతి విద్యార్థికీ సీటు, డబ్బు, క్రెడిట్లు ఏర్పాటు చేసి చూపించాకే విద్యార్థిని బలవంతపెట్టే హక్కు యూనివర్సిటీకి వస్తుంది.

అపోహ: విదేశాల్లో చదవడమంటే ఎంఎస్‌కు వెళ్ళడమే.

వాస్తవం: మన ఇళ్ళల్లో ఈ మాట అనగానే అమెరికాయే గుర్తొస్తుంది. అందులో ఆశ్చర్యం లేదు. 2023–24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అందులో సగానికి పైగా పీజీ వాళ్ళే. కానీ ఇక్కడ చర్చ దాని గురించి కాదు. ఎక్స్ఛేంజ్ విద్యార్థి ఇక్కడి డిగ్రీలోనే ఉంటాడు. ఒక సెమిస్టరో ఏడాదో బయట చదివి, తిరిగొచ్చి ఇక్కడే పట్టా తీసుకుంటాడు. అమెరికాకే వెళ్ళినా సాధారణంగా జె-1 వీసా మీద వెళ్తాడు, ఎంఎస్ పిల్లల్లా ఎఫ్-1 మీద కాదు. ఒక సెమిస్టర్‌కు వెళ్తే అక్కడే ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: ప్రపంచంలో పెద్ద యూనివర్సిటీలన్నీ దీన్ని తప్పనిసరి చేసేశాయి.

వాస్తవం: చేసినవి చాలా కొద్ది. చేసినవాటిలోనూ చాలావరకు చిన్న సంస్థలే. అమెరికాలోని బాల్టిమోర్ దగ్గర గౌచర్ కాలేజీ 2006లో చేరిన బ్యాచ్ నుంచి ఈ నిబంధన పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, ఒక్కో విద్యార్థికి 1,200 డాలర్ల వోచర్ కూడా ఇచ్చింది. కాలిఫోర్నియాలోని సోకా యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో ప్రతి డిగ్రీ విద్యార్థీ ఒక సెమిస్టర్ బయట చదవాల్సిందే. జపాన్‌లో 2004లో మొదలైన అకితా ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో ఏకంగా ఏడాది వెళ్ళాలి. బ్రిటన్‌లో ఫ్రెంచ్, జర్మన్ లాంటి భాషల్లో డిగ్రీ చేసేవాళ్ళు మామూలుగా ఒక ఏడాది ఆ భాష మాట్లాడే దేశంలో గడుపుతారు. చదివే సబ్జెక్టే అది కాబట్టి అక్కడ ఆ నిబంధన న్యాయమే.

వీటికంటే మనం గమనించాల్సింది జపాన్‌లోని చిబా యూనివర్సిటీ. అది చిన్న కాలేజీ కాదు, పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ. 2020లో చేరేవాళ్ళ నుంచి అందరికీ విదేశీ చదువు తప్పనిసరి అంది. అదే ఏడాది ట్యూషన్ ఫీజును 5,35,800 యెన్‌ల నుంచి 6,42,960 యెన్‌లకు పెంచింది. అంటే 20 శాతం పెంపు. అంతలో కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి, ఆన్‌లైన్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. వేల మందికి ఒకేసారి తప్పనిసరి చేస్తే ఖర్చు ఎవరి మీద పడుతుందో, సరిహద్దులు మూసుకుంటే ఏమవుతుందో ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది.

ఇక యూరప్ సంగతి. 1987లో మొదలైన ఎరాస్మస్, అంటే యూరప్ విద్యార్థులను కొంతకాలం వేరే దేశంలో చదివించే ఏర్పాటు, ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న పథకం. అదీ స్వచ్ఛందమే. డిగ్రీల పద్ధతులను ఒకదానితో ఒకటి పొసిగేలా చేసుకునే బొలోన్యా ప్రక్రియలోని యూరప్ దేశాలు 2009లో పెట్టుకున్న లక్ష్యం కూడా 2020 నాటికి పట్టభద్రుల్లో కనీసం 20 శాతం మంది కొంతకాలం విదేశంలో చదివి ఉండాలనే. నూటికి నూరు శాతం అని వాళ్ళు కూడా అనలేదు.

అపోహ: ఎక్స్ఛేంజ్‌లో ఫీజు ఉండదు, కాబట్టి ఎవరైనా వెళ్ళొచ్చు.

వాస్తవం: ఒప్పందం ప్రకారం మాఫీ అయ్యేది అక్కడి ట్యూషన్ ఫీజు ఒక్కటే. ఇక్కడి ఫీజు కట్టాల్సిందే. టికెట్లు, ఇన్సూరెన్స్, గది అద్దె, తిండి అన్నీ విద్యార్థి చూసుకోవాలి. జర్మనీ స్టూడెంట్ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలకు ఇంతని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) నెలకు 992 యూరోల లెక్కన, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. సెమిస్టర్‌కే అనుకున్నా, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న పిల్లల ఇంట్లో అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వ పథకాలు ఉన్నాయి కదా అంటారు. తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటివి విదేశంలో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళ కోసం పెట్టినవి, ఒక సెమిస్టర్‌కు వెళ్ళే బీటెక్ విద్యార్థికి అవి వర్తించవు. ఎరాస్మస్‌కు ఇప్పటి రూపమైన ఎరాస్మస్ ప్లస్‌లో, కొంతకాలం చదివి వచ్చేవాళ్ళ కోసం ఉన్న క్రెడిట్ మొబిలిటీ కింద టికెట్ ఖర్చు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, మన యూనివర్సిటీలకూ అది అందుబాటులో ఉంది. అయితే సీట్లు బహు తక్కువ. ఈ పరిస్థితిలో డిగ్రీకి విదేశీ సెమిస్టర్ షరతు పెడితే, డబ్బున్నవాళ్ళకు అది విహారం, లేనివాళ్ళకు అప్పు అవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

అపోహ: అక్కడ పాసైతే క్రెడిట్లు వాటంతట అవే కలిసిపోతాయి.

వాస్తవం: మా పనిలో సగం తలనొప్పి దీనితోనే. యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ (అక్కడి ఉమ్మడి క్రెడిట్ పద్ధతి) క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాదికి 40, సెమిస్టర్‌కు 20. కాబట్టి అక్కడి 6 క్రెడిట్ల సబ్జెక్టు మన దగ్గర దాదాపు 4 క్రెడిట్లవుతుంది. లెక్క తేలికే. చిక్కు సిలబస్ దగ్గర వస్తుంది, దానికంటే ఎక్కువగా క్యాలెండర్ దగ్గర వస్తుంది. జర్మనీలో వింటర్ సెమిస్టర్ క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తాయి. మన దగ్గర అప్పటికి ఒక సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, తర్వాతి సెమిస్టర్ సగంలో ఉంటుంది. అంటే వెళ్ళినవాళ్ళు రెండు సెమిస్టర్లలో ఇరుక్కుంటారు. ఫైనల్ ఇయర్ అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ కూడా అప్పుడే.

లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం ఉంటుంది. ఎడమ వరసలో అక్కడ చదివే సబ్జెక్టులు, కుడి వరసలో వాటికి బదులుగా ఇక్కడ మినహాయించేవి. కింద విద్యార్థి, రెండు యూనివర్సిటీల సంతకాలు. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ సైన్స్ అమ్మాయి సెమిస్టర్‌కు వెళ్ళింది. తను ఎంచుకున్న ఒక సబ్జెక్టును ఇంగ్లిష్‌లో చెప్పే ప్రొఫెసర్ ఆ టర్మ్ సెలవు పెట్టారు. అక్కడివాళ్ళు దాని బదులు ఇంకొకటి తీసుకోమన్నారు, తీసుకుంది, మంచి గ్రేడే తెచ్చుకుంది. తిరిగొచ్చాక ఇక్కడి డిపార్ట్‌మెంట్, కాగితంలో ఉన్న సబ్జెక్టు ఇది కాదు కాబట్టి క్రెడిట్లు ఇవ్వం అంది. మార్పులను మొదటి కొన్ని వారాల్లోనే రెండు వైపులా సంతకాలతో ఖాయం చేసుకోవాలని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. చివరికి జూనియర్లతో కూర్చుని ఆ పేపర్ రాయాల్సి వచ్చింది. ఇష్టపడి వెళ్ళిన పిల్లకే ఇలా అయితే, బలవంతంగా పంపేవాళ్ళ గతేమిటి?

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. విద్యార్థి క్రెడిట్లను ఆన్‌లైన్ ఖాతాలో దాచే, 2021లో వచ్చిన ఆ ఏర్పాటు ప్రధానంగా మన దేశంలో నమోదైన సంస్థల మధ్య క్రెడిట్ల కోసం. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ కోర్సుల్లో (కొంత భాగం ఇక్కడ, కొంత భాగం విదేశీ యూనివర్సిటీలో చదివే కోర్సుల్లో) విదేశంలో చదివే క్రెడిట్లు 30 శాతానికి మించకూడదు. ఇవన్నీ దారి చూపించాయి, మంచిదే. కానీ సబ్జెక్టుకు సబ్జెక్టు సరిపోల్చి సంతకం పెట్టాల్సింది మాత్రం డిపార్ట్‌మెంట్‌లోని మనిషే.

అపోహ: వెళ్తే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మారిపోతారు.

వాస్తవం: తెలుగు పిల్లలందరూ ఒకే ఫ్లాట్‌లో చేరి, వంతులేసుకుని కుక్కర్ పెట్టుకుని, క్లాసు తప్ప ఇంకో గడప తొక్కకుండా సెమిస్టర్ గడిపేసి వచ్చినవాళ్ళను చూశాను. వాళ్ళను తప్పుపట్టను. పరాయి ఊళ్ళో అది సహజం. 2009లో వెలువడిన, విదేశాలకు వెళ్ళిన విద్యార్థులు ఏం నేర్చుకున్నారో కొలిచిన జార్జ్‌టౌన్ కన్సార్టియం అధ్యయనం అమెరికన్ విద్యార్థుల గురించి దాదాపు ఇదే చెప్పింది. పంపేసి వదిలేస్తే పరాయి సంస్కృతిని అర్థం చేసుకునే శక్తి పెద్దగా పెరగలేదు. అక్కడే ఉండి, చూసినదాని గురించి ఆలోచింపజేసే మెంటర్ ఉన్నచోట పెరిగింది. మన బ్రోషర్లలో ఈ మెంటర్ అనే మాటే కనిపించదు.

ఇక్కడ అవతలి పక్షం మాట ఒకటి కాదనలేను. ఇష్టమున్నవాళ్ళే వెళ్ళండి అంటే, ఇప్పటికే ఇంట్లో పాస్‌పోర్టులున్న పిల్లలే ముందుకొస్తారు. మొదటితరం విద్యార్థులు "మనకెందుకులే మేడమ్" అని దరఖాస్తు కూడా చేయరు. తప్పనిసరి అయితే ఆ జంకు పోతుందని వాళ్ళ వాదన. నిజమే. కానీ ఆ జంకు పోవడానికి వేరే దారి ఉంది. ఫస్ట్ ఇయర్‌లోనే క్యాంపస్‌లో పాస్‌పోర్ట్ దరఖాస్తులు దగ్గరుండి నింపించాలి. మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, అది యూనివర్సిటీయే కట్టొచ్చు. సీనియర్ల చేత క్లాసులో మాట్లాడించాలి. సీట్లలో కొంత వాటా పూర్తి ఖర్చుతో వీళ్ళకే ఉంచాలి.

అపోహ: అమ్మాయిలను ఇంట్లో పంపరు.

వాస్తవం: అమెరికా నుంచి ఇలా వెళ్ళేవాళ్ళలో మూడింట రెండొంతులు అమ్మాయిలే. మన దగ్గర తల్లిదండ్రులు అడిగేవి కూడా సూటి ప్రశ్నలే: హాస్టల్ ఎంత దూరం, ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తారు, తిరుగు టికెట్ ఏ తేదీకి. వీటికి కాగితం మీద జవాబిస్తే సంతకం పెట్టేస్తారు.

అపోహ: బయటికి వెళ్ళకపోతే ప్రపంచం తెలియదు.

వాస్తవం: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్ 1998 నుంచి విదేశీ విద్యార్థులను రప్పిస్తోంది. దేశదేశాలు తిరుగుతూ డిగ్రీ చదివే మినర్వా యూనివర్సిటీ విద్యార్థులు బస చేసిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఇలా మన దగ్గరికి వచ్చే విదేశీ విద్యార్థులతో కలిసి మన పిల్లల చేత ఒక ప్రాజెక్టు చేయించడానికి వీసా అక్కర్లేదు, టైమ్ టేబుల్‌లో కాస్త చోటిస్తే చాలు. ఇంటి పరిస్థితుల వల్ల కదలలేని విద్యార్థికి ఇలాంటి దారి ఉండి తీరాలి.

మీ పిల్లలు చేరబోయే కాలేజీ "గ్లోబల్ సెమిస్టర్ కంపల్సరీ" అంటుంటే, డబ్బు కట్టేముందు కొన్ని విషయాలు అడగండి. అక్కడి ఖర్చు ఫీజులో కలిసుందా? వెళ్ళలేని వాళ్ళకు ప్రత్యామ్నాయం ఏమిటి? పోయిన బ్యాచ్‌లో వెళ్ళినవాళ్ళ క్రెడిట్లు మార్కుల మెమోలో ఎక్కాయా? జవాబు నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, అకడమిక్ రెగ్యులేషన్స్‌లో ఆ పేజీ తీసి చూపించమనండి.