గాజుల కొట్లో కోతి

బుజ్జితల్లికీ, తన తరగతి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నేత్రదాన పక్షోత్సవాలకి మీ బడికి కంటి డాక్టరుగారు వచ్చి వెళ్ళాక నువ్వు ఫోన్‌లో అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చిందమ్మా. "కిడ్నీ మార్చుకున్నవాళ్ళు జన్మంతా మందులు మింగాలట, ఇచ్చినవాళ్ళతో అన్నీ కలవాలట. మరి కంటి పొర మాత్రం ఎవరిది ఎవరికైనా పెట్టొచ్చట. పరాయివాళ్ళదని మన ఒంటికి తెలీదా తాతయ్యా?" అన్నావు. వేన్ స్ట్రైలైన్ అనే అమెరికా శాస్త్రవేత్త దాదాపు జీవితమంతా ఈ ప్రశ్న మీదే పనిచేశాడు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను, విను. మా ఊరి శివరాత్రి తిరునాళ్ళలో గాజుల కొట్లు వరసగా ఉండేవి. మా అమ్మ చెయ్యి పట్టుకుని గాజులాయన వేళ్ళన్నీ దగ్గరికి నొక్కి, ఆవిణ్ణి మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా గాజుని మణికట్టు దాటించేసేవాడు. ఒకసారి ఆ కొట్లోకి గుడి మీది కోతి దూకింది. పిల్లలమంతా రాళ్ళు అందుకున్నాం. గాజులాయన చేతులు అడ్డంపెట్టి, "రాయి పడితే దెబ్బ కోతికి కాదురా, నాకు!" అని అరిచాడు. అరటిపండు తెప్పించి బయట పెట్టిస్తే కోతి దానంతట అదే దిగిపోయింది. అదే కోతి వేరుశనక్కాయల బస్తా ఎక్కి ఉంటే మేం ఊరుకునేవాళ్ళమా?

మన ఒళ్ళు చాలావరకు బస్తాల కొట్టే. కాల్లో ముల్లు దిగితే ఒంటిని కాపాడే సైన్యం, అంటే తెల్లరక్తకణాలు, వచ్చిపడతాయి. వాపు, ఎరుపు, చీము, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మచ్చ మిగిలితే మిగిలింది. కన్ను అలా కాదు, అది గాజుల కొట్టు. కంటికి ముందున్న కార్నియా, అంటే నువ్వు అడిగిన ఆ కంటి పొర, మందం అర మిల్లీమీటరు. అందులో ఒక్క రక్తనాళం కూడా ఉండదు, అందుకే అంత తేటగా ఉంటుంది. దాని వెనక నాలుగైదు చుక్కల నీళ్ళుంటాయి. అక్కడ యుద్ధం జరిగి మచ్చ పడితే చూపే పోతుంది.

కంట్లో పెట్టిన పరాయి చర్మం బతుకుతుందని 1948లో పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళలో చూపించాడు. కంట్లో సంగతి ఒంటికి కబురు అందదేమోనని చాలాకాలం అనుకున్నారు. అంటే, కోతి దూరిందని పిల్లలకి తెలియనే లేదన్నమాట.

1970ల్లో అమెరికాలోని డాలస్‌లో స్ట్రైలైన్, కంటి డాక్టరు హెన్రీ కాప్లాన్‌తో కలిసి ఎలుకల కార్నియా వెనకున్న నీళ్ళలోకి పరాయి ఎలుక కణాలు ఎక్కించి చూశాడు. కబురు అందింది! రక్తంలో యాంటీబాడీలు, అంటే పరాయివాటిని గుర్తుపట్టి పట్టుకునే పదార్థాలు, తయారయ్యాయి. కానీ ఆ పరాయి ఎలుక చర్మాన్నే తెచ్చి అతికిస్తే, మామూలుకన్నా ఎక్కువ రోజులు ఒళ్ళు దాన్ని ఉండనిచ్చింది. తెలిసి కూడా రాయి విసరలేదు! 1981లో ఆయనా, జెర్రీ నీడర్‌కార్న్ అనే ఆయనా ఇంకో వింత చెప్పారు. ప్లీహం అనే అవయవాన్ని తీసేస్తే ఈ ఓర్పు ఉండదట. ప్లీహం ఎక్కడుంటుందో తెలుసా? ఎడమవైపు పక్కటెముకల కింద! గాజులాయన కేక విని ఎక్కడో రచ్చబండ మీదున్న ఊరిపెద్ద "ఎవరూ చెయ్యెత్తకండి" అని చాటింపు వేయించినట్టు లేదూ? ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

డాలస్ నుంచి మయామీ, అక్కణ్ణుంచి బోస్టన్‌లోని స్కెపెన్స్ కంటి పరిశోధన సంస్థ. ఎక్కడికి వెళ్ళినా, 2004లో చనిపోయేదాకా ఆయన ఈ ప్రశ్నని వదల్లేదు. ఒక్క లెక్క రాకపోతే పుస్తకం మూసేసే పిల్లలు ఇది కాస్త గుర్తుపెట్టుకోవాలి.

కార్నియా మార్చుకున్నవాళ్ళు చుక్కల మందు వేసుకోవాలి. అయినా ఒక్కోసారి ఒళ్ళు దాన్ని తోసేస్తుంది. కానీ 1905లో, ఇలాంటి మందులేవీ లేని రోజుల్లోనే, ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి కార్నియా అతికిస్తే అది నిలిచింది. కంటి ఓర్పు అంత గొప్పది.

ఆ ఓర్పు చెడితే మాత్రం ఘోరం. లూయీ బ్రెయిలీ మూడేళ్ళ వయసులో నాన్న కొట్లో తోలు కుట్టే ఆరెతో ఆడుతూ ఒక కన్ను పొడుచుకున్నాడు. ఐదేళ్ళ వయసు వచ్చేసరికి రెండో కన్ను కూడా పోయింది, దెబ్బ తగలని కన్ను! గాయపడ్డ కంటిని చూసి రెచ్చిపోయిన సైన్యం రెండోదాని మీదా పడి ఉంటుందని చాలామంది డాక్టర్ల ఊహ. అందుకే బిళ్ళంగోడు ఆడేటప్పుడూ, దీపావళికీ మీ కళ్ళ గురించి నాకంత టెన్షన్. కంటికి దెబ్బ తగిలితే దాచొద్దు, వెంటనే చెప్పండి.

రేపు పొద్దున తమ్ముణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, వాడి కంటిని పక్కనుంచి చూడు. ముట్టుకోకు, ఎండవైపు తిప్పకు. నల్లగుడ్డు ముందు ఉబ్బెత్తుగా, తేటగా ఒక పొర, దాని వెనక చిన్న ఖాళీ కనిపిస్తాయి. స్ట్రైలైన్ ముప్ఫై ఏళ్ళు పనిచేసింది ఆ ఖాళీ మీదే. బాగా చూసి, బొమ్మ గీసి నాకు పంపించు.

మీ తాతయ్య