గులాబీ రంగు మంచు: అమెరికా పాత క్రిస్మస్ టీవీ ప్రకటనలపై అపోహలు, వాస్తవాలు

పాత ఫిల్ము రీళ్లను, వీడియో టేపులను శుభ్రం చేసి డిజిటల్ రూపంలోకి మార్చడం నా వృత్తి. 1960ల నుంచి 1990ల వరకు అమెరికా టీవీలో వచ్చిన క్రిస్మస్ ప్రకటనలు ఏటా చలికాలంలో నా బల్ల మీదికి వస్తాయి, వాటితోపాటే కొన్ని అపోహలూ వస్తాయి.

అపోహ: ఆ ప్రకటనలు మొదటినుంచీ గులాబీ ఛాయలో, మసకగానే ఉండేవి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే మాట ఇది. ఆనాడు చాలా ప్రకటనలను 35 ఎం.ఎం. ఫిల్ము మీద శ్రద్ధగా తీసి, స్టేషన్లకు 16 ఎం.ఎం. ప్రింట్లు పంపేవారు. ఆ కాలపు కలర్ ప్రింట్లలో మూడు రంగుల పొరలుంటాయి. డబ్బాలో చీకట్లో ఉంచినా సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) పొర త్వరగా వెలిసిపోయి, మెజెంటా (ముదురు గులాబీ) మిగిలిపోతుంది. అందుకే ముక్కను లైట్ బాక్సు మీద పరచినప్పుడు నేను క్రిస్మస్ తాత కోటును చూడను, అది ఎర్రగానే కనబడి కంటిని మోసం చేస్తుంది, మంచును చూస్తాను. మంచు గులాబీ రంగులోకి తిరిగిందంటే చెట్టు ఆకుపచ్చదనం కూడా పోయినట్టే. నోరెల్కో షేవర్ ప్రకటనలో తాత బండికి బదులు షేవర్ ఎక్కి మంచు గుట్టల మీద జారుతూ వస్తాడు; బొమ్మను ఫ్రేము ఫ్రేముకూ కొద్దికొద్దిగా కదుపుతూ తీసిన ఆ ప్రకటనకు తెల్లదనమే ప్రాణం, కనుక ఆ తెలుపు తిరిగి వచ్చేదాకా స్కానర్ ముందునుంచి లేవాలనిపించదు. (1960లలో చాలా ఇళ్లలో నలుపు తెలుపు టీవీలే ఉండేవన్నది వేరే సంగతి.)

అపోహ: టీవీ స్టేషన్ల దగ్గర అన్నీ భద్రంగా ఉండి ఉంటాయి.

వీడియో టేపు ఖరీదైనది కావడంతో పాత రికార్డింగు చెరిపి, అదే టేపును మళ్లీ వాడుకోవడం అప్పట్లో మామూలే. 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్కులో ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ బొమ్మల కార్యక్రమం మొదటిసారి వచ్చినప్పుడు, స్పాన్సరు జనరల్ ఎలక్ట్రిక్ ప్రకటనలలో కూడా అందులోని మరుగుజ్జు బొమ్మలే కనిపించాయి. తరువాతి ప్రసారాలలో కార్యక్రమం మాత్రమే మిగిలింది. ఇళ్లలో వాడే వీడియో క్యాసెట్ల (వీహెచ్‌ఎస్) యుగపు ప్రకటనలలో మనకు దక్కినవి చాలావరకు ఇళ్లలో రికార్డు చేసిన టేపుల పుణ్యమే. పిల్లల కోసం కార్యక్రమాన్ని పట్టుకుంటున్నవారు ప్రకటన మొదలవగానే పాజ్ నొక్కేవారు, కార్యక్రమం మళ్లీ మొదలయ్యేందుకు కాస్త ముందే దాన్ని వదిలేవారు. అందువల్ల ఒక ప్రకటన మొదటి సెకను, మరొకదాని చివరి సెకను పక్కపక్కన అతుక్కుని కనిపిస్తాయి. రికార్డు చేస్తూ నిద్రపోయినవారి టేపు మాకు నిధి. అయితే రెండు గంటల టేపులో ఆరు గంటలు పట్టించే నిదాన వేగంలో రికార్డు చేసినందువల్ల బొమ్మ పలుచబడుతుంది; చాలామంది గుర్తుపెట్టుకున్న మసక అదే.

అపోహ: గంటల్లా మోగే హర్షీస్ కిసెస్ చాక్లెట్లు కంప్యూటర్ బొమ్మలు.

1989లో వచ్చిన ఆ ప్రకటనను స్టాప్‌మోషన్ పద్ధతిలో చేతితో కదిలించి తీశారు. చివర ఎర్ర చాక్లెట్టు నుదుటి చెమట తుడుచుకునే తీరులో నాకు మనిషి వేళ్లు కనిపిస్తాయి. కంప్యూటర్‌తో చేసినవి 1993 నాటి కోకకోలా ధ్రువపు ఎలుగుబంట్లు. వాటిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ తరువాతి కాలంలో హైదరాబాదులోనూ స్టూడియో నడిపింది.

ఎర్ర కోటు తాతను కోకకోలాయే సృష్టించిందన్న మాట కూడా నిజం కాదు. చిత్రకారుడు హాడన్ సండ్‌బ్లోమ్ ఆ సంస్థ కోసం 1931లో బొమ్మలు వేయడం మొదలుపెట్టకముందే తాత ఎర్ర దుస్తుల్లో కనిపించేవాడు.

అపోహ: ఆ రోజుల ప్రకటనలన్నీ అమాయకమైనవి.

సిగరెట్ కార్టన్లను పండుగ కానుకగా ఇమ్మని చెప్పిన ప్రకటనలు కూడా ఆ రీళ్లలోనే ఉన్నాయి; 1971 జనవరి 2 నుంచి అమెరికాలో టీవీ, రేడియోలలో సిగరెట్ ప్రకటనలను నిషేధించారు. కొందరు వాటిని తీసేసి మిగతావి మాత్రమే ఇమ్మంటారు. కాపీలో అడిగినట్టే ఇస్తాను గానీ, అసలు రీలులో పిల్లల రైలుబండి ప్రకటన పక్కన సిగరెట్ ప్రకటన ఉంటే, పాత అతుకు ఊడివచ్చినా ఆ రెండింటినీ అదే వరుసలో తిరిగి అతికిస్తాను.