ఒళ్ళు అల్లుకునే సంచి

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "తొమ్మిదేళ్ల కిందట రొమ్ముల్లో సిలికోన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. ఏడాదిగా ఎడమవైపుది రాయిలా గట్టిపడుతోంది, కాస్త పైకి కూడా జరిగింది. లోపలి జెల్ గడ్డకట్టిందా? అది తీసేసి కొత్తది పెడితే సరిపోతుందా?"

జెల్ గడ్డకట్టదండీ. ఇలా గట్టిపడినదాన్ని ఆపరేషన్‌లో బయటికి తీసి బల్ల మీద పెడితే, చాలాసార్లు మొదటి రోజు ఉన్నంత మెత్తగానే ఉంటుంది. గట్టిపడింది దాని చుట్టూ మీ ఒళ్ళు అల్లుకున్న సంచి. డాక్టర్లు దాన్ని క్యాప్సూల్ అంటారు. రెండోసారి ఆపరేషన్ ఎందుకు, ఎలా అని అడిగినా జవాబు ఈ సంచి దగ్గరే మొదలవుతుంది. ఇంప్లాంట్ల సైజులు, కోత ఎక్కడ పెడతారు వంటి విషయాలు ఏ ఆసుపత్రి కరపత్రంలోనైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను.

ఒంట్లోకి బయటి వస్తువు ఏది వచ్చినా ముందు మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు దాన్ని మింగెయ్యాలని చూస్తాయి. బ్యాక్టీరియా అయితే మింగేస్తాయి. పిడికిలంత సిలికోన్‌ని ఏ కణం మింగగలదు? చాలా కణాలు కలిసిపోయి ఒక పెద్ద కణంగా మారి మళ్ళీ ప్రయత్నిస్తాయి. అదీ కుదరదు. అప్పుడు ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలు చేరి, కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు పేని, ఆ వస్తువు చుట్టూ పల్చటి గోడ కట్టేస్తాయి. మింగలేనిదాన్ని వేరు చేసి పక్కన పెట్టడమన్నమాట. పేస్‌మేకర్ చుట్టూ కూడా ఇలాంటి గోడే కడుతుంది. "ఒళ్ళు ఇంప్లాంట్‌ని తిరస్కరించింది" అని చాలామంది అంటారు, అది సరైన మాట కాదు. వేరొకరి కిడ్నీ పెట్టినప్పుడు రోగనిరోధక వ్యవస్థ పరాయి ప్రొటీన్లను గుర్తుపట్టి దాడి చేస్తుంది. ఇక్కడ జరిగేది గోడ కట్టడం మాత్రమే. ఇంప్లాంట్ ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఈ సంచి ఉంటుంది. చాలామందిలో అది పల్చగా, మెత్తగా ఉండి ఇంప్లాంట్‌ని కదలకుండా పట్టుకుంటుంది కూడా.

కొందరిలో ఆ గోడ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఆ పని చేసేవి మయోఫైబ్రోబ్లాస్ట్‌లు. 1971లో జులియో గబ్బియాని, ఆయన సహచరులు వీటి గురించి రాశారు. సగం ఫైబ్రోబ్లాస్ట్, సగం కండర కణం లాంటివి: పోగులూ పేనతాయి, కండరంలా ముడుచుకుంటాయి కూడా. మనకి గాయమైనప్పుడు అంచులు రెండూ దగ్గరికి వచ్చేది వీటి లాగుడు వల్లే. గాయం మానగానే ఇవి చచ్చిపోవాలి. క్యాప్సూల్‌లో ఏదో ఒక చికాకు మిగిలి ఉంటే చావవు, లాగుతూనే ఉంటాయి. ఆ చికాకు ఆపరేషన్ నాడు గూడు కట్టిన రక్తం కావచ్చు, పగిలిన ఇంప్లాంట్ నుంచి కారిన జెల్ కావచ్చు, క్యాన్సర్‌కి ఇచ్చిన రేడియేషన్ కావచ్చు. చర్మం మీద మామూలుగా బతికే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ ఇంప్లాంట్ మీద జిగట పొరగా పేరుకోవడం కూడా కావచ్చు. ఆ పొర పేరు బయోఫిల్మ్. దానిలో దాక్కున్న బ్యాక్టీరియా వల్ల జ్వరం రాదు, చీము పట్టదు, వాటికి యాంటీబయాటిక్ సరిగా అందదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, లెక్క. ఒక నీళ్ల సంచికి నూలు గలీబు తొడిగి, మూతి కుట్టేశారనుకోండి. నీళ్ల సంచి ఇంప్లాంట్, గలీబు క్యాప్సూల్ అన్నమాట. గలీబు తడిసి కుంచించుకుపోతోంది. లోపలి నీళ్లు మాత్రం తగ్గవు, నొక్కితే అణగవు. అప్పుడు సంచి ఆకారం ఏమవుతుంది?

300 మిల్లీలీటర్ల ఇంప్లాంట్ తీసుకుందాం. బోర్లించిన గిన్నెలా ఉంటుంది. అడుగు 12 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు 4 సెంటీమీటర్లు అనుకుంటే ఘనపరిమాణం దాదాపు అంతే వస్తుంది. దాని ఉపరితలం సుమారు 290 చదరపు సెంటీమీటర్లు. అదే 300 మిల్లీలీటర్లను బంతిగా చేస్తే వ్యాసం 8.3 సెంటీమీటర్లు, ఉపరితలం 217 మాత్రమే. ఒకే ఘనపరిమాణం ఉన్న ఆకారాలన్నిటిలో గోళానికే ఉపరితలం తక్కువ. కాబట్టి గలీబు కుంచించుకునేకొద్దీ లోపలి జెల్‌కి మిగిలే దారి ఒక్కటే, బంతి వైపు. పోగుల పొడవు ఏడో వంతు తగ్గితే చాలు, ఉపరితలంలో నాలుగో వంతు పోతుంది, గిన్నె బంతయిపోతుంది. అడుగు 12 నుంచి 8.3కి ఇరుకవుతుంది, ఎత్తు 4 నుంచి 8.3కి లేస్తుంది. వెనక పక్కటెముకలు, ముందు చర్మం అడ్డుపడతాయి కాబట్టి పూర్తి బంతి కాదు కానీ, పోయే దిక్కు అదే. పైన గుండ్రంగా ఉబ్బడం, పైకి జరగడం ఈ లెక్కలో ఉన్నవే.

మరి గట్టిదనం? గిన్నెలా ఉన్నప్పుడు గలీబులో సందు ఉంది. వేలితో నొక్కితే జెల్ పక్కకి జరుగుతుంది, ఆకారం మారుతుంది, మెత్తగా అనిపిస్తుంది. బంతయ్యాక సందు లేదు. ఎక్కడ నొక్కినా ఉపరితలం పెరగాలి, అంటే పోగులు సాగాలి. కొలాజెన్ సాగదు. ఫుట్‌బాల్ లోపల ఉన్నది గాలే అయినా తంతే గట్టిగా తగులుతుంది కదా, అదే ఇది. ఇంకా ముడుచుకుంటే మార్చుకోవడానికి ఆకారం మిగలదు, ఒత్తిడి మాత్రమే పెరుగుతుంది, అప్పుడు నొప్పి. సర్జన్లు వాడే బేకర్ గ్రేడ్లు ఈ వరసలోనే వస్తాయి: ఒకటి మెత్తన, రెండు కొంచెం గట్టి, మూడులో ఆకారం మారుతుంది, నాలుగులో నొప్పి. బడిలో గోళం ఉపరితలం 4πr² అని బట్టీ పట్టించారు. నీటి బొట్టు ఎందుకు గుండ్రంగా ఉంటుందో ఆ పాఠంలోనే చెప్పి ఉంటే, ఇలాంటివి ఎంత తేలిగ్గా అర్థమయ్యేవో!

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలా గట్టిపడితే "అందం కోసం పోయినందుకు శిక్ష" అనే వాళ్లని విన్నాను. వీళ్లలో ఎంతోమంది క్యాన్సర్‌కి రొమ్ము తీయించుకున్నవాళ్లు. రేడియేషన్ తీసుకున్నవాళ్లకే ఈ ముడుచుకోవడం ఎక్కువ. బాధలో ఉన్న మనిషిని అలా అనడం అన్యాయం.

ఇప్పుడు రెండో ప్రశ్న, కొత్తది పెడితే చాలదా అని. కుంచించుకున్న గలీబులోకి కొత్త ఇంప్లాంట్ తోస్తే ఏం లాభం? ఆపరేషన్ చెయ్యాల్సింది గలీబుకి. ఒకప్పుడు సర్జన్లు బయటినుంచే రెండు చేతులతో గట్టిగా పిసికి క్యాప్సూల్ చిరిగేలా చేసేవారు. లోపల రక్తం కారడం, ఇంప్లాంట్ పగలడం చూసి మానేశారు. ఇప్పుడు కోసి సందు ఇస్తారు, అది క్యాప్సులాటమీ. లేదా కొంతో, మొత్తమో తీసేస్తారు, అది క్యాప్సులెక్టమీ. పాతదాని మీద బయోఫిల్మ్ ఉండొచ్చు కాబట్టి ఇంప్లాంట్ కూడా మారుస్తారు. కండరం పైన ఉన్నదాన్ని కండరం కిందికి మార్చి, పాత గూడు వదిలేసి కొత్త గూడు చేస్తారు. కణాలన్నీ తీసేసిన చర్మపు పొరను గోడలో ఒక భాగంగా కుట్టడం ఇంకో పద్ధతి. ఆ మేరకు లాగే కణాలు తక్కువగా చేరతాయి. ఇంత చేసినా, మొదటిసారి కంటే రెండోసారి పెట్టినవాటిలో మళ్ళీ ముడుచుకునే అవకాశం ఎక్కువ. అందుకే కొందరు ఇంప్లాంట్ తీయించుకుని, జారిన చర్మాన్ని లిఫ్ట్ చేయించుకునో, ఒంట్లో వేరేచోటి కొవ్వు ఎక్కించుకునో అక్కడితో ఆపేస్తారు. అదీ మంచి నిర్ణయమే.

లాగుడుకి విరుగుడుగా తయారీదారులు తెలివైన ఆలోచన చేశారు. ఇంప్లాంట్ నున్నగా ఉంటే పోగులన్నీ ఒకే వరసలో పడతాయి, లాగితే అన్నీ కలిసి లాగుతాయి. పైభాగం గరుకుగా చేస్తే పోగులు చిందరవందరగా పడి, ఒకదాని లాగుడు ఇంకొకటి చెడగొడుతుంది. ముడుచుకోవడం కొంత తగ్గింది కూడా. కానీ ఆ గరుకు రకాలతోనే అరుదైన ఒక లింఫోమాకి, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్‌కి, సంబంధం బయటపడింది. దాని పేరు బీఐఏ-ఏఎల్‌సీఎల్. 2019 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ బాగా గరుకైన రకాలను నిషేధించింది, జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరడంతో అలర్గాన్ కంపెనీ తన గరుకు రకం బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాచి నీరు చేరితే, ఆ నీటిని తీసి, ఆ క్యాన్సర్ కణాల మీద ఉండే సీడీ30 అనే ప్రొటీన్ కోసం పరీక్ష చేస్తారు. ఆ జబ్బే అని తేలితే ఇంప్లాంట్‌తో పాటు సంచి మొత్తం తీసేయాలి. తొందరగా పట్టుకుంటే చాలామందికి దానితోనే నయమవుతుంది. ఏ లక్షణమూ లేనివాళ్లు భయంతో తీయించుకోవాలని ఎఫ్‌డీఏ చెప్పలేదు.

సైజు మార్చుకోవడం, కిందికి జారడం, చర్మం మీద ముడతలు కనపడడం కూడా రెండో ఆపరేషన్‌కి కారణాలే, వాటిలో అంత చిక్కు లేదు. పగలడం సంగతి వేరు. ఉప్పునీటిది పగిలితే నీరు ఒంట్లో ఇంకిపోయి, కొద్ది రోజుల్లోనే చదునవుతుంది, దాచినా దాగదు. సిలికోన్‌ది పగిలితే చాలాసార్లు తెలియనే తెలియదు. జెల్‌ని అదే సంచి పట్టి ఉంచుతుంది, అక్కడ అది మనకి మేలే చేస్తోంది. అందుకే సిలికోన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు బాధ ఏమీ లేకపోయినా మొదట 5-6 ఏళ్లకి, తర్వాత 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించుకోవాలని 2020లో ఎఫ్‌డీఏ సూచించింది.

మీ విషయంలో, ఇన్నేళ్లకి ఒక్క ఎడమవైపే గట్టిపడింది కాబట్టి, ముందు చూడాల్సింది అది పగిలిందా, చుట్టూ నీరు చేరిందా అనే. ఆపరేషన్ నాటి కార్డు వెతకండి. కంపెనీ, మోడల్, నున్నటిదా గరుకుదా అన్నది దానిమీద ఉంటుంది. స్కాన్ తీయించుకుని రెండూ కలిపి సర్జన్‌కి చూపించండి. మళ్ళీ ఆపరేషన్ చేస్తే, తీసిన క్యాప్సూల్‌ని ల్యాబుకి పంపుతారా అని ముందే అడగండి.