చిల్లగింజకు లొంగని నీళ్లు

వరదల రోజుల్లో గోదావరి నీళ్లు ఎర్రగా, చిక్కగా వచ్చేవి. కోనసీమలో మా అమ్మమ్మ సానరాయి మీద చిల్లగింజ అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేది. తెల్లవారేసరికి మట్టి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది. అదే అంతర్వేది వైపు బంధువుల ఇంటి బావి నీళ్లు చూడటానికి తేటగానే ఉన్నా నోట్లో పోసుకుంటే ఉప్పు. వాటిలో ఎన్ని గింజలు అరగదీసినా లాభం లేదు. మట్టి నీటిలో తేలుతూ ఉంటుంది, ఉప్పు కరిగిపోయి ఉంటుంది.

అణు రియాక్టర్ నుంచి దించిన ఇంధనంతో వచ్చే చిక్కు ఈ రెండో రకం. కడ్డీలను ముక్కలుగా కోసి వేడి నైట్రిక్ ఆమ్లంలో వేస్తే యురేనియం, ప్లుటోనియం, సీజియం, స్ట్రాన్షియం, ఇంకా ఎన్నో మూలకాలు అందులో కలిసి కరుగుతాయి. కరిగినవాటిని వడగట్టలేం. అందుకని వాటిలో కొన్నిటికి నచ్చే మరో ద్రవాన్ని తెస్తారు: కిరోసిన్ వంటి నూనెలో సుమారు 30 శాతం ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే రసాయనం. రెండిటినీ బాగా కలిపి వదిలేస్తే నూనె పైకి తేలుతుంది. తేలుతూ యురేనియాన్ని, ప్లుటోనియాన్ని వెంట తీసుకుపోతుంది. సీజియం, స్ట్రాన్షియం ఆమ్లంలోనే ఉండిపోతాయి. ఆపైన ప్లుటోనియానికి ఒక్క ఎలక్ట్రాన్ అందిస్తే చాలు, నూనెతో దాని పొత్తు చెడి మళ్లీ ఆమ్లంలోకి దిగుతుంది. మన దేశంలో ఈ పని 1964లో ముంబైలోని ట్రాంబేలో మొదలైంది. రేడియేషన్ దెబ్బకు ఆ నూనె కూడా విరుగుతుంది. విరిగిన ముక్కలు లోహాలను ఒక పట్టాన వదలవు. అందుకే దాన్ని సోడియం కార్బొనేట్‌తో, అంటే మనం బట్టలకు వాడే వాషింగ్ సోడాతోనే, కడిగి మళ్లీ వాడతారు!

ఇంత చేసినా రేడియోధార్మికత రవ్వంత కూడా తగ్గదు. రసాయన చర్యలన్నీ ఎలక్ట్రాన్లతో జరిగే బేరాలు, కేంద్రకం జోలికి అవి పోలేవు. మామూలు సీజియం, రేడియోధార్మిక సీజియం ఆ నూనెకు ఒకటే. మనం చేయగలిగింది వేరుచేయడమే. సీజియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడితే ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు పడుతుంది. ఈ రెండిటినీ ఒకే మూటలో కట్టడం తెలివైన పని కాదు.

వేరుచేయడంలో అన్నిటికన్నా మొండి జంట అమెరీషియం, యూరోపియం అనే మూలకాలు. రెండూ మూడేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాన్లుగా, దాదాపు ఒకే పరిమాణంలో, ఆమ్లంలో మిగులుతాయి. ఆక్సిజన్‌తో పట్టుకునే అణువులకు వీటి మధ్య తేడా పెద్దగా తెలియదు. నైట్రోజన్‌తోనో గంధకంతోనో పట్టుకునే అణువులను దింపితే అమెరీషియం కాస్త ఎక్కువగా అంటుకుంటుంది. ఆ కాస్త తేడాను పట్టుకుని, ఒకసారి కాదు, మెట్టు తర్వాత మెట్టుగా మళ్లీ మళ్లీ కలిపి విడదీస్తారు.

మిగిలినదాన్ని గాజులో కలిపి కరిగించి ఉక్కు డబ్బాల్లో పోస్తారు. సీజియంను మాత్రం కొంత బయటికి తీసి, గాజు పెన్సిళ్లుగా పోసి, రోగులకు ఎక్కించే రక్తంలోని కొన్ని తెల్లకణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా వాటిని రేడియేషన్‌తో అణచే యంత్రాల్లో అమర్చుతున్నారు.