ఆ బూటు ఎవరిదంటే

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

బాల్టిమోర్ స్టేడియం ముందు విగ్రహం బూటు పట్టుకుని మీరిద్దరూ దిగిన ఫొటో చూశాను. "ఈయనెవరు తాతయ్యా?" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆయన జానీ యునైటస్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 1933లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఐదేళ్లప్పుడే తండ్రి పోతే, తల్లి రెండు ఉద్యోగాలు చేసి నలుగురు పిల్లల్ని పెంచింది. 1955లో సొంత ఊరి జట్టు స్టీలర్స్ ఆయన్ని తీసుకుని, సీజన్ మొదలవకముందే ఇంటికి పంపేసింది. అప్పటికే పెళ్లయింది, బిడ్డ కూడా. కట్టడం పనికి కుదిరి, తీరిక దొరికినప్పుడు బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న జట్టుకు ఆడేవాడు. ఆటకు 6 డాలర్లు. ఆ ఆరు డాలర్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కదులుతుంది.

1956లో బాల్టిమోర్ కోల్ట్స్ పిలిచింది. అసలు క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బ తగలడంతో ఈయన్ని దింపారు. విసిరిన మొదటి బంతినే ఎదుటి జట్టువాడు అందుకుని పరుగెత్తి స్కోర్ చేసేశాడు. ఆ రోజు కోల్ట్స్ చిత్తుగా ఓడింది. అయినా మళ్లీ ఆయనే ఆడాడు.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో క్షణాల్లో తేల్చుకోవాల్సినవాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి ఎదుటి జట్టుది. ఇప్పుడైతే ఎత్తుగడ ఏమిటో కోచ్ హెల్మెట్‌లోకి చెబుతాడు. యునైటస్ తన ఎత్తుగడలు తానే వేసుకునేవాడు.

1958 డిసెంబర్ 28, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్‌తో ఫైనల్. స్కోరు 17-14, కోల్ట్స్ వెనకబడి ఉంది. రెండు నిమిషాలు కూడా మిగల్లేదు. ముందు 86 గజాల మైదానం ఉంది. ఎంత టెన్షన్ ఉండాలి! ఆయన వరసగా మూడు బంతులు ఒక్కడికే విసిరాడు, రేమండ్ బెర్రీకి. ఆ మూడింటితోనే 62 గజాలు వచ్చాయి. బెర్రీకి కంటిచూపు అంతంతమాత్రం. ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా వీళ్లిద్దరే మైదానంలో ఉండిపోయి, ఒకరు విసరడం, ఒకరు పట్టడం. బెర్రీ ఏ అడుగు దగ్గర తిరుగుతాడో యునైటస్‌కు ముందే తెలుసు. ఇంకా ఏడు సెకన్లుండగా కిక్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలో మళ్లీ 80 గజాలు నడిపించి 23-17తో గెలిపించాడు. టీవీలో కోట్లమంది చూశారు. అమెరికాలో ఆ ఆటకు అంత ఆదరణ రావడానికి ఆ సాయంత్రమే పెద్ద కారణమని నేననుకుంటాను.

వరసగా 47 మ్యాచుల్లో టచ్‌డౌన్ పాస్ (ఎదుటి జట్టు చివరి గీత దాటి స్కోరు తెచ్చే బంతి) వేసిన ఆయన రికార్డు 2012 దాకా నిలిచింది.

కానీ ఆ ఆట ఒంటిని బాగా నలిపేస్తుంది. 1968లో కుడి మోచేతికి పెద్ద దెబ్బ తగిలింది. ఏళ్లు గడిచాక ఆ చేతి వేళ్లు పట్టు తప్పాయి. గోల్ఫ్ ఆడాలంటే కర్రకు చేతిని వెల్‌క్రో పట్టీతో బిగించుకునేవాడు. అన్ని బంతులు విసిరిన చెయ్యే అది. 2002లో, 69వ ఏట పోయాడు.

మీ ఫొటోలో బూటు పడింది గానీ చెయ్యి పడలేదు. ఈసారి వెళ్లినప్పుడు కాస్త వెనక్కి జరిగి, ఆ చెయ్యి కూడా పడేలా తీసి పంపండి.

మీ తాతయ్య