చెరువు కట్ట మీది చూపుకు చట్టం ఉందా? గాలిమరలు, కాకతీయ చెరువుల నేపథ్యం

తెలంగాణలో గాలి విద్యుత్ గురించి ఇన్నాళ్లూ పెద్దగా చర్చ లేదు. రాష్ట్రం మొత్తం మీద ఉన్నది 128 మెగావాట్లే. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 మెగావాట్లు దాటింది. ఉత్తర తెలంగాణలో కరెంటు అంటే బొగ్గే: రామగుండం, చెల్పూరు, సింగరేణి గనులు. ఇక్కడ గాలి నెమ్మది, గాలిమరలు గిట్టుబాటు కావు అన్నది పాత లెక్క.

ఆ లెక్క మారిపోయింది. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ అంచనా ప్రకారం నేల నుంచి 100 మీటర్ల ఎత్తులో తెలంగాణకు ఉన్న అవకాశం సుమారు 4,200 మెగావాట్లు. 120 మీటర్ల ఎత్తులో అది 24,800. 150 మీటర్లకు వెళ్తే 54,700. ఈ అంకెల్లో పెరిగింది గాలి కాదు, స్తంభం ఎత్తు. నేల దగ్గర చెట్లకు, గుట్టలకు, ఇళ్లకు తగిలి గాలి వేగం తగ్గుతుంది. పైకి పోయిన కొద్దీ అడ్డంకి తగ్గి వేగం పెరుగుతుంది. గాలి తక్కువ అని పక్కన పెట్టిన ప్రాంతాలు అందుకే ఇప్పుడు కంపెనీల లెక్కలోకి వస్తున్నాయి. 1990ల్లో అనంతపురం జిల్లా రామగిరిలో నిలబెట్టిన గాలిమరల స్తంభాలు ఇప్పటివాటితో పోలిస్తే పొట్టివి. ఇప్పుడు వస్తున్న వాటి స్తంభం 140 మీటర్ల దాకా ఉంటోంది, రెక్క కొనతో కలిపితే ఎత్తు 200 మీటర్లు దాటుతోంది. చదునైన నేల మీద, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, 200 మీటర్ల ఎత్తున్న వస్తువు లెక్క ప్రకారం 50 కిలోమీటర్ల దాకా కనిపించగలదు. గాలి తక్కువున్న చోట మరింత ఎత్తు కావాలి. ఎత్తు పెరిగితే మరింత దూరం కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం. సోలార్, గాలి, నీటి మీద తేలే సోలార్, అన్నీ అందులో ఉన్నాయి. ఈ లక్ష్యాన్ని నేను మనసారా కోరుకుంటున్నాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు దుమ్ము ఏ ఊళ్లను ఏం చేసిందో ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈ ప్రాంతానికి ఇంకో ఆస్తి కూడా ఉంది. అది చెరువు కట్ట మీద నిలబడితే కంటికి ఆనేది: నీళ్లు, నీళ్ల అవతల అడవి, అడవి వెనక గుట్ట. దాన్ని ఎవరు కాపాడుతున్నారు అని అడిగితే సూటిగా జవాబు దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కాకతీయులు ఈ చెరువులను అందం కోసం కట్టలేదు. పంట కోసం కట్టారు. కానీ ఎక్కడ కట్టారో చూడండి. రెండు గుట్టల మధ్య వాగు సన్నబడే చోటు వెతికి, అడ్డంగా మట్టికట్ట పోసి, గుట్టలనే గోడలుగా వాడుకున్నారు. కట్ట తక్కువ, నీళ్లు ఎక్కువ. పాఖాల అలా పుట్టింది. గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించాడని చెబుతారు. లక్నవరం, రామప్ప, ఘనపురం చెరువులదీ అదే పద్ధతి. గుట్టలు, అడవి, నీళ్లు ఒక్క చూపులో ఇమిడిపోవడం ఆ ఇంజనీరింగ్ నుంచి వచ్చిందే. గుట్ట పోతే పరీవాహకం పోతుంది, చెరువూ పోతుంది. అందం, అవసరం ఇక్కడ ఒకే నిర్మాణంలో ఉన్నాయి.

1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. చెరువు పక్కనే ఉంది. నిజాం కాలంలో పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ పాలంపేట గుళ్ల మీద రాసిన అధ్యయనం 1922లో అచ్చయింది. అక్కడి నుంచి ఒక శతాబ్దం పాటు అందరి శ్రద్ధా రాతి మీదే: మదనికలు, స్తంభాలు, నీటిలో తేలే ఇటుకలు. గుడి చుట్టూ ఉన్నదానికి విలువ కట్టింది చాలా ఆలస్యంగా. 2021 జులై 25న రామప్ప ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు, యునెస్కో తన వివరణలో గుడి శిల్పంతో పాటు అది ఉన్న చోటు గురించి కూడా రాసింది. అడవి అంచున, పొలాల మధ్య, కాకతీయుల చెరువు దగ్గర ఉందని. గుట్టలు, అడవులు, వాగులు, చెరువులు, పంటపొలాలు ఉన్న ప్రకృతిలో భాగంగా గుడి ఉండాలన్న శాస్త్ర నియమాన్ని ఇక్కడ పాటించారని. వరంగల్ ప్రాంతంలో ఒక దృశ్యానికి అధికారిక పత్రంలో ఇంత స్పష్టంగా చోటు దొరకడం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

అదే సమావేశంలో, నాలుగు రోజుల ముందు, జులై 21న, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవును అదే జాబితా నుంచి తీసేశారు. 2004లో చేరిన చోటు అది. నది ఒడ్డున వస్తున్న ఎత్తైన కట్టడాలు రేవు రూపాన్ని మార్చేస్తున్నాయని 2012లోనే ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టారు. ఎవరూ పాత కట్టడాలను కూల్చి నేలమట్టం చేయలేదు. ఒడ్డు నుంచి కనిపించేది మారిపోయింది, అంతే. అంతకు ముందు 2009లో జర్మనీలోని డ్రెస్డెన్ లోయను ఎల్బే నది మీద ఒక వంతెన కారణంగా తీసేశారు. మన దక్కన్‌లోనే హంపీని 1999లో ప్రమాద జాబితాలో పెట్టారు, తుంగభద్ర మీద ఆనెగొంది దగ్గర కడుతున్న వంతెన అందుకు ముఖ్య కారణం. 2006లో జాబితా నుంచి బయటపడింది. ఆ వంతెన 2009లో పని జరుగుతుండగానే కూలిపోయింది. రామప్ప గుర్తింపు వచ్చిన రోజు మనం పటాకులు కాల్చాం, కాల్చాల్సిందే. కానీ చుట్టూ కనిపించేది మారిపోతే గుర్తింపు పోవచ్చన్న, దాంతో పాటు వచ్చిన ఈ షరతు గురించి అప్పుడు చెప్పినవాళ్లు తక్కువ.

ఇక మన చట్టాల సంగతి. 1958 పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. 300 మీటర్ల తర్వాత ఆ చట్టానికి చెప్పేదేమీ లేదు. కిలోమీటర్ల దూరం కనిపించే యంత్రానికి 300 మీటర్ల గీత ఏ మూలకు? చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ బఫర్ ఉన్నాయి. అవి నీళ్లనూ శిఖం భూమినీ కాపాడతాయి, చూపును కాదు. పాఖాల, ఏటూరునాగారం 1950ల నుంచి అభయారణ్యాలు కాబట్టి అక్కడ అడవి చట్టం అడ్డు నిలుస్తుంది. లక్నవరం కట్ట ఎదురుగా ఉన్న గుట్టకు, రామప్ప వెనక వరుసకు, ఘనపురం చెరువు అవతలికి ఏ పేరు మీద రక్షణ అడగాలో తేల్చుకోవాలి.

గాలిమరల వైపు నుంచి చూసినా అంతే. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలో గాలి విద్యుత్ లేదు. అంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. కాలుష్య నియంత్రణ మండలి 2016లో దాన్ని తెల్ల కేటగిరీలో, అంటే దాదాపు కాలుష్యం లేని పరిశ్రమల్లో, పెట్టింది. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో శబ్దం కోసం ఇళ్లకు 500 మీటర్ల దూరం, రోడ్లకూ రైలు పట్టాలకూ స్తంభం ఎత్తును బట్టి దూరం ఉన్నాయి. చెవికి లెక్క ఉంది, కంటికి లేదు. అటవీ భూమి అయితే 1980 చట్టం కింద అనుమతి కావాలి. పట్టా భూమి, రెవెన్యూ భూమి అయితే పని సులభం.

రెవెన్యూ రికార్డులో ఏం రాసి ఉందన్నది చిన్న విషయం కాదు. అనంతపురం ప్రాంతంలోని కల్పవల్లి దీనికి ఉదాహరణ. రికార్డుల్లో బంజరుగా ఉన్న గుట్టలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఏళ్ల తరబడి కాపాడి పచ్చగా చేశారు. గడ్డి, ఈత చెట్లు, గొర్రెలకు మేత. తర్వాత గాలిమరలు వచ్చాయి. స్తంభాలకన్నా ఎక్కువ దెబ్బ తీసింది వాటి కోసం గుట్టలను కోసి వేసిన రోడ్లు, ఎందుకంటే పొడవైన రెక్కలు మోసే ట్రక్కులకు వెడల్పాటి, వాలు తక్కువున్న దారి కావాలి. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గుట్ట మీద గాలిమర అంటే మనకు ఫొటోలో కనిపించేది స్తంభమే. నేల మీద మిగిలేది రోడ్డు గాయం, వానాకాలంలో అక్కడి నుంచి జారే మట్టి. గుట్టల మీద వాన చుక్కనే నమ్ముకున్న గొలుసుకట్టు చెరువులకు అది పూడిక.

గాలిమరను చూసి ముచ్చటపడేవాళ్లూ ఉన్నారు, అది అబద్ధం కాదు. తిరుమలలో పాపవినాశనం దారిలో గాలిమరల ముందు ఫొటోలు దిగని కుటుంబం తక్కువ. ఎత్తైన కొత్త వస్తువు అనగానే వికారం అనుకోనక్కర్లేదు. ఎక్కడ అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న అమెరికాలో 16 ఏళ్లు నడిచింది. 2001లో మసాచుసెట్స్ తీరంలోని నాంటకెట్ జలాల్లో వందకు పైగా గాలిమరల ప్రతిపాదన వచ్చింది, పేరు కేప్ విండ్. ఒడ్డున పెద్ద బంగళాలున్న శ్రీమంతులు ముందు నిలబడి వ్యతిరేకించారు. దాంతో ‘డబ్బున్నవాళ్ల గొడవ’ అన్న ముద్ర పడింది. కానీ అదే చోట వాంపనోగ్ అనే ఆదివాసులు కూడా అభ్యంతరం చెప్పారు. సముద్రం మీద సూర్యోదయం అడ్డు లేకుండా కనిపించడం వాళ్ల పూజలో భాగం. 2010లో కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చింది, కేసులు సాగాయి, 2017లో కంపెనీ వదిలేసుకుంది. కరెంటూ రాలేదు, ఒడ్డున ఎవరి మనసూ కుదుటపడలేదు. ఇంగ్లండ్‌లో 2015లో నిబంధనలు బిగించడంతో నేల మీద కొత్త గాలిమరలు దాదాపు ఆగిపోయాయి. 2024 జులైలో వాటిని ఎత్తేశారు. తొమ్మిదేళ్లు ఒకవైపు, ఆ తర్వాత ఒక్కసారిగా రెండోవైపు.

వాంపనోగ్ వాళ్ల మాట ములుగు జిల్లావాళ్లకు కొత్తగా అనిపించదు. మేడారంలో సమ్మక్కను తీసుకొచ్చేది చిలకలగుట్ట నుంచే. లక్షల మంది కళ్లు ఆ గుట్ట వైపే ఉంటాయి. కోయలకు ఆ గుట్ట కనిపించడం, అది అలాగే ఉండడం పూజకు సంబంధించిన విషయం. ఇక్కడ చట్టం కొంత తోడుంది. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి 1996 పెసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కు ఇచ్చింది. ఒడిశాలోని నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. దేశంలో ఒక కొండను కాపాడిన అతి బలమైన తీర్పు నమ్మకం పేరు మీద వచ్చింది. రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ తీగల మీద 2021లో ఆంక్షలు వచ్చింది బట్టమేక పక్షి కోసం, వాటిని 2024లో సడలించారు కూడా. గుడి పేరు మీద, దేవత పేరు మీద, పక్షి పేరు మీద రక్షణ దొరికింది. చూపు పేరు మీద దొరకలేదు.

దొరికిన సందర్భం ఒకటుంది, అదీ తెలంగాణలోనే. 1995లో హైదరాబాద్ వారసత్వ కట్టడాల కోసం తెచ్చిన 13వ నిబంధన కింద కొన్ని రాతిగుట్టలను కూడా వారసత్వంగా చేర్చారు. రాయి రాయిలా ఉండడమే విలువ అని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. 2015లో ఆ నిబంధన రద్దయింది. అది ఉన్నన్నాళ్లూ కూడా వరంగల్, కరీంనగర్ గుట్టలకు వర్తించలేదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ కోసం గుట్టలు ఎలా కరిగిపోయాయో రోడ్డు మీద పోయేవాళ్లందరూ చూశారు. ఘనపురం చెరువు, కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్న మండలంలోనే చెల్పూరు థర్మల్ ప్లాంటు లేచింది. కోటగుళ్ల దగ్గర నిలబడితే ఏం కనిపిస్తుంది అన్న మాట అప్పటి చర్చలో వినిపించలేదు. నీళ్ల మీద సోలార్ కూడా వచ్చేసింది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్లు, 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. అది ప్లాంటు కోసం కట్టుకున్న జలాశయం, అక్కడ పెట్టడం సబబే. కరీంనగర్‌లో లోయర్ మానేరు మీద కూడా పెడతామన్న ప్రతిపాదనలు వచ్చాయి. అది ఊరు ఊరంతా సాయంత్రం వెళ్లి కూర్చునే కట్ట. రెండింటినీ ఒకే కాగితం మీద ఒకే తీరుగా చూడడం సరికాదు.

బయటి దేశాల్లో గొడవలతో పాటు ఒక పద్ధతి కూడా పుట్టింది, ముఖ్యంగా స్కాట్లాండ్‌లో. ప్రతిపాదన రాగానే నేల ఎత్తుపల్లాల మ్యాపు మీద కంప్యూటర్‌తో గాలిమర ఎక్కడెక్కడి నుంచి కనిపించగలదో రంగు వేస్తారు. ముఖ్యమైన చూపుచోట్లను ముందే ఎంచుకుంటారు. అక్కడి నుంచి ఫొటో తీసి, అందులో గాలిమరను సరైన కొలతలో కూర్చి జనానికి చూపిస్తారు. కొన్నిసార్లు రెండు స్తంభాలు గుట్ట అవతలి వాలుకు జరిపితే చాలు, సమస్య తీరిపోతుంది. దీనికి కావలసిన ఎత్తుల మ్యాపులు మన దేశానికీ ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి.

గాలికీ చెరువులకూ మన దగ్గర ఒకటే సీజన్ అన్నది కూడా మరవకూడదు. దేశంలో గాలి విద్యుత్‌లో ఎక్కువ భాగం నైరుతి నెలల్లోనే తయారవుతుంది. చెరువులు నిండి మత్తడి దుంకేది, జనం పిల్లలతో కట్టల మీదికి వచ్చేది కూడా ఆ నెలల్లోనే.

లివర్‌పూల్‌లో, హంపీలో, నాంటకెట్‌లో చూపు గురించిన మాట ప్రాజెక్టు మొదలయ్యాకే వచ్చింది. అప్పటికి కంపెనీ డబ్బు పెట్టేసింది, రైతు లీజు కాగితం మీద సంతకం చేసేశాడు, వద్దన్నవాడు అభివృద్ధికి శత్రువయ్యాడు. మన చెరువుల చుట్టూ ఇంకా ఆ దశ రాలేదు. అందుకే ఈ పని ఇప్పుడు తేలిక. రామప్ప కట్ట, లక్నవరం కట్ట, పాఖాల, ఘనపురం, చిలకలగుట్ట, లోయర్ మానేరు: ఈ ఆరు చోట్ల నుంచి ఏం కనిపిస్తుందో మ్యాపు గీయించి, రాష్ట్ర పునరుత్పాదక విద్యుత్ సంస్థ రెడ్కో దగ్గర భూమి కేటాయింపుకు ముందు చూడాల్సిన కాగితాల్లో దాన్ని చేర్చాలి. వారసత్వ శాఖ, అటవీ శాఖ, ఏజెన్సీలో గ్రామసభలు దాని మీద ముందే మాట చెప్పాలి. ఆ రంగు పడని చోటు ఉత్తర తెలంగాణలో బోలెడంత ఉంటుంది. గాలిమరలు అక్కడ పెట్టుకోవచ్చు, బొగ్గు తవ్వి వదిలేసిన మట్టిదిబ్బల దగ్గర గాలి సరిపోతుందేమో ముందుగా కొలిపించవచ్చు.